కొలంబో, రంగూన్, కలకత్తా, ఢాకా: రహీం సాహెబ్ స్మారకోపన్యాసం



భారత ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం పేరెత్తగానే మనవాళ్ళు మూడు ఊళ్ళు చెబుతారు. హెల్సింకి, మెల్‌బోర్న్, జకార్తా. మొదటి ఊళ్ళో చిత్తుగా ఓడాం, రెండో ఊళ్ళో నాలుగో స్థానంలో నిలిచాం, మూడో ఊళ్ళో ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చుకున్నాం. 2024లో ఆయన మీద ‘మైదాన్’ సినిమా వచ్చాక ఈ వరస పిల్లలకు కూడా నోటికొచ్చింది. సంతోషమే. అయితే నాకిచ్చిన ఈ కొద్దిసేపూ ఇంకో నాలుగు ఊళ్ళ గురించి మాట్లాడతాను. కొలంబో, రంగూన్, కలకత్తా, ఢాకా. ఇవి తెలియకపోతే హెల్సింకి నుంచి మెల్‌బోర్న్‌కు దారి కనిపించదు.

1952 జూలైలో హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మన మీద పది గోల్స్ కొట్టింది, మనం ఒక్కటి కొట్టాం. మనవాళ్ళలో కొందరు ఉత్త కాళ్ళతో ఆడారు. 1956 డిసెంబరులో మెల్‌బోర్న్ సెమీఫైనల్లో మళ్ళీ అదే యుగోస్లావియా ఎదురుపడింది. ఈసారి మొదటి గోల్ మనది. చివరికి 4-1 తేడాతో ఓడిపోయాం కానీ, అంతకుముందే ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డ మీద 4-2తో ఓడించి ఉన్నాం. నాలుగేళ్ళలో ఇంత తేడా ఎలా వచ్చింది? మధ్యలో 1954 మనీలా ఆసియా క్రీడలున్నాయి, నిజమే. అక్కడ గ్రూపు దశ కూడా దాటలేదు. బూట్లు తప్పనిసరి చేశారు, అదీ నిజమే. కానీ బూట్లు తొడుక్కున్నంత మాత్రాన ఆట రాదు. ఆడితే వస్తుంది, అదీ పరాయి దేశపు జట్టుతో ఆడితే వస్తుంది.

ఆ ఆట కొలంబో కప్పు పుణ్యమా అని దొరికింది. 1952 మార్చిలో సిలోన్ రాజధానిలో మొదలైన నాలుగు జట్ల స్నేహపూర్వక టోర్నీ అది. భారత్, పాకిస్తాన్, బర్మా, సిలోన్. ప్రతి జట్టూ మిగతా మూడింటితో ఒక్కోసారి తలపడాలి, అంతే. ఎవరినీ ఒలింపిక్స్‌కు పంపే పోటీ కాదు. ఆ నాలుగు దేశాలకూ స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఐదేళ్ళు నిండలేదు. ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య అప్పటికింకా పుట్టనే లేదు, అది 1954లో మనీలాలో ఏర్పడింది. పెద్దల సంఘం లేకముందే ఇరుగుపొరుగువాళ్ళు తమలో తాము కూడబలుక్కుని పోటీ పెట్టుకున్నారు. నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించే సంగతి ఇదే.

భారత్, పాకిస్తాన్ జాతీయ జట్లు మొట్టమొదట ఎదురుపడింది కూడా ఆ టోర్నీలోనే. ఆ ఆటలో ఇద్దరూ గోల్ కొట్టలేదు. కప్పును కూడా ఇద్దరూ కలిసే పంచుకున్నారు. ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. విభజన జరిగి ఐదేళ్ళయినా కాలేదు, గాయాలు పచ్చిగా ఉన్నాయి. ఆ రోజుల్లో ఈ రెండు దేశాల పేర్లూ ఒకే కప్పు మీదికెక్కాయి. ఇంకో మాట. పాకిస్తాన్ జట్టు ఆటగాడు మసూద్ ఫక్రీ ఆ రోజుల్లోనే కలకత్తా వచ్చి ఈస్ట్ బెంగాల్ తరఫున ఆడాడు. సరిహద్దు గీశారు కానీ ఫుట్‌బాల్ మైదానాల మధ్య రాకపోకలు అప్పటికింకా తెగలేదు.

1953లో రంగూన్, 1954లో కలకత్తా, 1955లో ఢాకా. మూడుసార్లూ కప్పు మనదే, ఎవరితోనూ పంచుకోనక్కర లేకపోయింది. ఢాకా అప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. వాళ్ళ ఊళ్ళో, వాళ్ళ జనం ముందు గెలిచి వచ్చాం. 1955తో ఆ టోర్నీ ఆగిపోయింది. మరుసటి ఏడే మెల్‌బోర్న్.

రహీం సాహెబ్ వృత్తిరీత్యా బడిపంతులు. కాచిగూడలో, చాదర్‌ఘాట్‌లో పిల్లలకు పాఠాలు చెప్పినవారు. ఆయన చేతుల్లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. పరీక్షకు ముందు ఎక్కువసార్లు రాయించాలన్న సంగతి పంతులుగారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. మెల్‌బోర్న్‌కు ఆయన తీసుకెళ్ళిన జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, లతీఫ్, పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరాం, ఇలా మన హైదరాబాదు, సికింద్రాబాదు వాళ్ళే ఎంతోమంది. బలరాం సికింద్రాబాదు పక్క అమ్ముగూడ కుర్రాడు. ఆ జట్టు పరీక్ష బాగా రాసిందంటే, ముందు నాలుగేళ్ళు భారత జట్టుకు ఇరుగుపొరుగు దేశాలతో రాత సాధన జరిగింది కాబట్టే.

కొలంబో కప్పు పోయాక కౌలాలంపూర్‌లో మెర్డెకా టోర్నీ వచ్చింది. 1957లో మలయా స్వాతంత్ర్యం సందర్భంగా ప్రధాని టుంకూ అబ్దుల్ రహమాన్ హయాంలో మొదలైంది. మనం 1959లోనూ 1964లోనూ రెండో స్థానంలో నిలిచాం. 1964 ఫైనల్లో మనల్ని 1-0తో ఓడించింది ఎవరో తెలుసా? బర్మా. కొలంబో కప్పు తరగతిలో మన పక్క బల్ల మీద కూర్చున్న బర్మా. అది ఆడుతూ పోయి 1966లో ఆసియా క్రీడల బంగారం తీసుకుంది, 1970లో దక్షిణ కొరియాతో పంచుకుంది. మనం 1970లో కాంస్యం తెచ్చుకున్నాం. అప్పుడు జట్టు నాయకుడు హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు పతకం లేదు.

1982లో కలకత్తాలో మొదలైన నెహ్రూ కప్పు గురించి చాలామందికి తెలుసు కనుక క్లుప్తంగా చెబుతాను. 1984లో అర్జెంటీనా వచ్చి మన మీద ఒకే ఒక్క గోల్‌తో గెలిచి బయటపడింది. ఆ జట్టు కోచ్ బిలార్డో రెండేళ్ళ తర్వాత ప్రపంచ కప్పు ఎత్తాడు. 1997 తర్వాత ఆ టోర్నీకి పదేళ్ళు విరామం వచ్చింది. 2007, 2009, 2012లో మనమే గెలిచాం, ఆ తర్వాత మళ్ళీ ఆగింది. పదిహేనుసార్లు జరిగిన నెహ్రూ కప్పు ఒక్కసారి కూడా హైదరాబాదుకు రాలేదు. రహీం సాహెబ్ ఊరికి ఒక్కసారి కూడా!

చివరికి 2024 సెప్టెంబరులో గచ్చిబౌలి స్టేడియంలో ఇంటర్‌కాంటినెంటల్ కప్పు జరిగింది. మూడే జట్లు. మారిషస్‌తో గోల్ లేకుండా ముగించాం, సిరియా చేతిలో 3-0తో ఓడాం. ఫలితం బాధించింది. అయినా ఆడించడమే సరైన పని అని నా గట్టి అభిప్రాయం. ఏటా ఆడించాలి, ఓడినా ఆడించాలి.

జకార్తా బంగారం తర్వాత తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, రహీం సాహెబ్ క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆ తరం ఆటగాళ్ళూ దాదాపు అందరూ వెళ్ళిపోయారు, బలరాం 2023లో పోయారు. ఒలింపిక్ ఆటల వివరాలు ప్రపంచమంతా భద్రంగా ఉంటాయి. రంగూన్, ఢాకా ఆటల ఆనవాళ్ళు మన ఇళ్ళలోనే ఉంటాయి. ఈ సభలో ఆ ఆటగాళ్ళ కొడుకులు, కూతుళ్ళు, మనవలు ఎవరైనా ఉంటే నాదొక్కటే మనవి. ట్రంకు పెట్టెలు తెరవండి. ఫోటో, ఉత్తరం, టికెట్టు ముక్క, ఏది దొరికినా బయటకు తీయండి. వెనక ఊరు, సంవత్సరం, నిలబడ్డవాళ్ళ పేర్లు ఈ వారమే పెన్సిల్‌తో రాసి పెట్టండి.