మీటింగుకు వెళ్ళేముందు ఒక కాగితం

(సాయంత్రం అక్షర కేంద్రంలో ఒక విద్యా వలంటీరు మాట్లాడిన మాటలు)



పొద్దుగూకింది. మిరపకాయ కోతకు పోయి వచ్చారు. కొందరు ఇంకా పొయ్యి వెలిగించలేదు. మిమ్మల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టను. అయినా ఈ సంగతి చెప్పక తప్పదు.

మన పిల్లల్లో కొందరికి చెవి సరిగా వినపడదు. కొందరికి కాలు సాగదు. కొందరికి చూపు ఆనదు. కొందరికి అక్షరాలు చదవడం కష్టమవుతుంది. ఇలాంటి పిల్లల్ని బడి కాగితాల్లో 'ప్రత్యేక అవసరాలు గల పిల్లలు' అని రాస్తారు. వాళ్ళ సంగతి మాట్లాడడానికి తల్లిని బడికి పిలుస్తారు. పిలుపు రాగానే తల్లికి గుండె దడ. "ఏం తప్పు చేశాడో, ఏమంటారో" అని భయం. ఆ భయంతో పోయి, నిలబడి, తల ఊపి, సంతకం పెట్టి వస్తుంది. అట్లా కాకుండా ఎట్లా పోవాలి? ఈరోజు అదే మాట్లాడుకుందాం.

ముందు నా తప్పు నేను చెబుతాను.

నేను టీచరు ట్రైనింగు పాసయ్యాను. సర్టిఫికెట్టు ఉంది. బడిలో చేరిన మొదటి ఏడు నాకు మూడో తరగతి ఇచ్చారు. అందులో ఒక పిల్లవాడు. పిలిస్తే పలకడు. ఒకటి చెబితే ఇంకొకటి రాస్తాడు. కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చుంటాడు. వాడికి చదువు మీద మనసు లేదనుకున్నాను. వెనక బెంచీకి పంపాను.

వాళ్ళమ్మను పిలిపించాం. ఆమె పని మానుకుని వచ్చింది. కుర్చీ వెయ్యాలని ఎవరికీ తోచలేదు. గుమ్మం పక్కన నిలబడింది. "మీవాడికి చదువు బుర్రకెక్కడం లేదమ్మా" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. కాగితం ఇచ్చాను. సంతకం పెట్టింది. అప్పుడే కొత్తగా నేర్చుకున్న సంతకం. ఒక్కొక్క అక్షరం ఆగి ఆగి రాసింది. ఆ కాగితంలో ఏముందో ఆమె చదవలేదు. నేనూ చదివి వినిపించలేదు. 'చదువులో వెనకబడ్డాడు, తల్లికి తెలియజేశాం' అని ఉంది అందులో. అంతే. వాడికి బడి ఏం చేస్తుందో ఒక్క ముక్క లేదు.

రెండు నెలలకు మళ్ళీ పిలిచాం. ఈసారి మండలం నుంచి భవిత కేంద్రం టీచరు కూడా వచ్చారు. భవిత కేంద్రం అంటే ఏమిటి? ఇలాంటి పిల్లల కోసం మండలంలో ప్రభుత్వం నడిపే కేంద్రం. అక్కడ వాళ్ళకు చదువు చెప్పే శిక్షణ పొందిన టీచర్లు ఉంటారు.

ఆ అమ్మ కొంగుముడి విప్పింది. మడతపెట్టిన పాత క్యాలెండరు కాగితం తీసింది. దాని వెనక పెన్సిలుతో రాసుకుంది. వంకర అక్షరాలే. ఆమె ఒప్పుకుంది కాబట్టి మీకు చదివి వినిపిస్తున్నాను.

'ఎడమ పక్క నుంచి పిలిస్తే పలకడు.
కుడి పక్క నుంచి పిలిస్తే వస్తాడు.
వానాకాలం చెవి కారుద్ది.
నా మొహం చూస్తా ఉంటే చెప్పిన పని చేస్తాడు. ఎనక నుంచి చెప్తే చెయ్యడు.
మేకల లెక్క తప్పడు.'

ఐదు ముక్కలు. భవిత టీచరు రెండుసార్లు చదివారు. "ముందు చెవి చూపించండి" అన్నారు.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రోజూ బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పింది నేను. వాడికి నా నోరు కనపడదు. పైగా వెనక బెంచీ. ట్రైనింగులో ఇవన్నీ చదువుకున్నాను, పరీక్ష కూడా రాశాను. కానీ వాణ్ణి చూసి కనిపెట్టింది వాళ్ళమ్మ.

పెద్దాసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు డాక్టరు చూశారు. చెవి కారీ కారీ కర్ణభేరికి చిల్లు పడిందన్నారు. మందులు వాడి చెవి ఆరాక వినికిడి పరీక్ష చేస్తామన్నారు. (చెవి కారితే నూనె పోయకండి. ఆకు పసరు పోయకండి. పుల్లలతో తిప్పకండి. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా మన ఊళ్ళో పోస్తూనే ఉన్నారు.)

చెవి మిషను రావడానికి నెలలు పట్టింది. వచ్చాక కూడా తోటి పిల్లలు నవ్వుతున్నారని జేబులో దాచుకునేవాడు. ఇప్పటికీ కొన్ని రోజులు పెట్టుకోడు. కానీ ముందు బెంచీలో కూర్చోబెట్టడానికి ఏ మిషనూ అక్కర్లేదు కదా. మర్నాడే మార్చాం. కుడి చెవి టీచరు వైపు ఉండేట్టు కూర్చోబెట్టాం. ముందుగా పని చేసింది అదే.

ఇప్పుడు మీ కాగితం సంగతి.

మీటింగుకు వారం ముందు మొదలుపెట్టండి. రోజుకు ఒకటి రెండు ముక్కలు చాలు. 'మా పాప మంచిది' అని రాస్తే టీచరుకు ఏమీ తెలియదు. 'చదవదు' అని రాసినా తెలియదు. కంటితో చూసింది రాయాలి. 'పుస్తకం ముక్కు దగ్గర పెట్టుకుంటుంది.' 'బ, భ తేడా పట్టదు.' 'అన్నం కలపలేదు, చెంచాతో తింటుంది.' 'నెలలో రెండుసార్లు మూర్ఛ వచ్చింది, పొద్దున పూట.' ఇట్లా. ఏది చేయలేదో రాసినట్టే ఏది చేయగలదో కూడా రాయండి. మేకల లెక్క తప్పడు అన్న ముక్క చూశాకే నేను ఆ పిల్లవాడికి లెక్కలతో మొదలుపెట్టాను. తప్పులు పోతాయేమో అని సిగ్గుపడకండి. దీర్ఘం పోయినా, ఒత్తు పోయినా విషయం తెలుస్తుంది.

కాగితం రెండో పక్క మీరు అడగాల్సినవి రాసుకోండి. రెండు మూడు చాలు. పది రాసుకుంటే ఒక్కటీ అడగలేం. మా వాడికి ఏం నేర్పుతారు? ఎవరు నేర్పుతారు? వారానికి ఎన్ని రోజులు? చెవి మిషను ఇస్తే దాని బ్యాటరీలు అయిపోతే ఎవరిని అడగాలి? ఈ బ్యాటరీ మాట చిన్నదనిపిస్తుంది. కానీ బ్యాటరీ లేక గూట్లో పడి ఉన్న మిషన్లు నేను చూశాను.

ఒక సంచిలో పిల్లవాడి కాగితాలన్నీ పెట్టుకోండి. ఆధారు, ఆసుపత్రి చీటీలు, మందుల చీటీలు, సదరం సర్టిఫికెట్టు ఉంటే అది, యూడీఐడీ కార్డు ఉంటే అది. అసలువి మీ దగ్గరే ఉంచుకుని జిరాక్సులు ఇవ్వండి. సర్టిఫికెట్టు ఇంకా రాలేదా? అయినా మీటింగుకు వెళ్ళండి. పింఛను వంటి వాటికి 40 శాతం, అంతకు పైన అని లెక్క ఉంది. ముందు బెంచీలో కూర్చోబెట్టడానికి, పెద్ద అక్షరాలతో రాసివ్వడానికి ఏ శాతమూ అక్కర్లేదు.

ఒంటరిగా వెళ్ళొద్దు. తోడు ఎవరినైనా తీసుకెళ్ళండి. ఆడబిడ్డ కావచ్చు, పొదుపు సంఘంలో అక్క కావచ్చు. ఇద్దరు వింటే ఒకరు మర్చిపోయింది ఇంకొకరికి గుర్తుంటుంది.

ఇంకో మాట. 2024 డిసెంబరు 7న మన రాష్ట్రంలో ప్రభుత్వ బడులన్నిటిలో ఒకే రోజు తల్లిదండ్రుల సమావేశం జరిగింది. మీలో చాలామంది వచ్చారు. అంత జనంలో మీ పాప సంగతి మాట్లాడడం కుదరదు. మాట్లాడితే పదిమంది వింటారు కూడా. అందుకని "సార్, మా పాప గురించి విడిగా ఒక అరగంట ఇవ్వండి" అని అడగండి. ఆ రోజుకు భవిత టీచరును కూడా పిలవమనండి.

ఇక్కడ ఇంకొక తల్లి సంగతి చెప్పాలి. పేరు చెప్పను.

ఆమె కూతురికి పుట్టుకతో కాళ్ళు బిగుసుకుపోయాయి. పట్టుకుంటే నాలుగు అడుగులు వేస్తుంది. చదువులో చురుకు. పొద్దున తల్లి ఎత్తుకొచ్చి దింపుతుంది. సాయంత్రం తీసుకుపోతుంది. మధ్యాహ్నం అయ్యేసరికి ఆ పిల్ల వాడిపోతుంది. తలనొప్పి అంటుంది. ఎండకేమో అనుకున్నాం. మీటింగులో అడిగితే తల్లి "ఏం లేదు సార్" అంది. గదిలో అందరూ మగవాళ్ళు.

మర్నాడు నా చేతిలో ఒక చీటీ పెట్టింది. రెండే ముక్కలు. 'పొద్దున నీళ్ళు తాగనియ్యను. బళ్ళో దొడ్డికి పోలేదు.'

అక్కలారా, మన బడిలో మరుగుదొడ్డి ఉంది. దానికి మూడు మెట్లున్నాయి. లోపల పట్టుకోవడానికి ఏమీ లేదు. ఆ మెట్లు నేను రోజూ ఎక్కి దిగుతాను. ఒక్కనాడూ నాకు ఆ పిల్ల గుర్తు రాలేదు. ఎండాకాలం కూడా ఆ బిడ్డ సాయంత్రం దాకా దాహంతో కూర్చుంది.

నోటితో చెప్పలేనిది ఇట్లా రాసి ఇవ్వండి. మగవాళ్ళ ముందు చెప్పలేనివి మనకు చాలా ఉంటాయి. పెద్దపిల్ల అయితే ఇంకా ఉంటాయి. చీటీ రాసి బళ్ళో ఆడ టీచరుకు ఇవ్వండి.

ఇవన్నీ అడిగితే మనల్ని ఏమైనా అంటారా? కొందరు అంటారు. "ఇలాంటి పిల్లలకు వేరే బడి ఉంటుంది, అక్కడ చేర్చుకోండి" అని కూడా అంటారు. అప్పుడు గొడవ వద్దు, ఏడుపూ వద్దు. 2016లో దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చింది. లోపం ఉందని పిల్లను బడిలో చేర్చుకోము అనకూడదు. ఆ పిల్ల వాడుకునేట్టు బడి కట్టడం ఉండాలి. తరగతిలో తగిన సాయం చెయ్యాలి. పరీక్షలో ఎక్కువ టైము, చేత్తో రాయలేకపోతే రాసిపెట్టే మనిషి, ఇవి కూడా ఆ చట్టంలో ఉన్నాయి. చెవి, కన్ను, కాలు ఒక్కటే కాదు, 21 రకాల లోపాలు అందులో రాశారు. అంతకుముందే 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది. 6 ఏళ్ళ నుంచి 14 ఏళ్ళ దాకా ప్రతి బిడ్డకూ చదువు ఉచితం. లోపం 40 శాతం, ఆపైన ఉన్న పిల్లలకు 18 ఏళ్ళ దాకా ఉచితం. అసలు కదలలేని పిల్లలకు ఇంటి దగ్గరే చదువు అడిగే హక్కు ఉంది. ఇవి దయతో ఇచ్చేవి కావు.

"మీరు చెప్పేది కాగితం మీద రాసివ్వండి సార్." ఇంటి దగ్గర ఈ మాట నాలుగుసార్లు పైకి అనండి. మీటింగులో దానంతట అదే వస్తుంది.

పిల్లకు ఏమేం నేర్పాలి, ఎవరు నేర్పాలి అని భవిత టీచరు ఒక కాగితం తయారుచేస్తారు. వ్యక్తిగత విద్యా ప్రణాళిక అంటారు. పేరు పెద్దదే. భయపడకండి. మన పిల్ల ఒక్కదాని కోసం రాసిన పాఠాల పట్టిక అది. దాని మీద సంతకం అడుగుతారు. పెన్ను తీసుకునే ముందు చదవండి. కూడబలుక్కుని చదవండి. ఎంతసేపైనా పట్టనివ్వండి, వాళ్ళు ఆగుతారు. చదవడం రాకపోతే "చదివి వినిపించండి" అనండి. అందులో పని రాసి ఉండాలి. పని చేసే మనిషి ఎవరో ఉండాలి. మళ్ళీ ఎప్పుడు కలవాలో తేదీ ఉండాలి. 'చూస్తాం', 'ప్రయత్నిస్తాం' అని ఉంటే, ఎప్పుడు అని అడగండి. ఒక కాపీ తెచ్చుకోండి.

చెప్పిన పని జరగకపోతే? ముందు హెడ్మాస్టరును అడగండి. తర్వాత మండల విద్యాధికారికి అర్జీ రాయండి. అక్కడా కాకపోతే సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు. అర్జీ రాయడం పోయిన నెలలోనే ఇక్కడ నేర్చుకున్నాం కదా. బడి కమిటీలో కూడా నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని, మొత్తం మీద సగం మంది ఆడవాళ్ళు ఉండాలని చట్టంలోనే ఉంది. మన బడి కమిటీలో ఆడవాళ్ళు పేరుకు ఉన్నారు. మీటింగుకు మాత్రం వాళ్ళ భర్తలు వస్తున్నారు! నవ్వకండి, ఇక్కడ కూర్చున్న వాళ్ళకు తెలుసు ఎవరో.

ఆ మెట్ల సంగతికి వస్తాను. హెడ్మాస్టరు గారికి చీటీ చూపించాను. తల్లి ఒప్పుకున్నాకే చూపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి, పోయి ఆ మెట్లు చూసి వచ్చారు. వాలుగా సిమెంటు బాట పోయాలి, లోపల గోడకు పట్టుకునే కమ్మీ పెట్టాలి. డబ్బు ఎక్కడి నుంచి అన్నది ఇంకా తేలలేదు. అప్పటిదాకా ఆయమ్మ గానీ నేను గానీ ఆ పిల్లను తీసుకెళ్ళాలని అనుకున్నాం. ఇప్పుడు పిల్ల సీసాలో నీళ్ళు తెచ్చుకుంటోంది. సగం తాగుతోంది, సగం ఇంటికి తీసుకుపోతోంది. ఇంకా నమ్మకం కుదరలేదు.

వచ్చే సోమవారం పది గంటలకు ఆ బాట కోసమే మీటింగు. కమిటీ వాళ్ళు, భవిత టీచరు వస్తారు. ఆ అమ్మ ఈసారి తనే మాట్లాడతానంది. కాగితం రాసుకుంటోంది. నేను పక్కన ఉంటాను. కానీ నేను బడి మనిషిని. మీలో ఒకరు తోడు వస్తే ఆమెకు ధైర్యంగా ఉంటుంది.

ఎవరు వస్తారు? ఒక పూట కూలి పోతుంది, అది ముందే చెబుతున్నాను.