తీరపు ఇసుక – ఖరగ్‌పూర్ అధ్యయనం

ఖరగ్‌పూర్ పేరు వినగానే తెలుగువారికి ముందుగా స్ఫురించేది రైలు. బెంగాల్–నాగపూర్ రైల్వే అక్కడ కర్మాగారం నెలకొల్పిన నాటినుంచి ఉత్తరాంధ్ర కుటుంబాలు ఎన్నో తరలివెళ్లి స్థిరపడ్డాయి. నేటికీ ఆ పట్టణపు బజారులో బెంగాలీ, హిందీ, ఒడియాలతోపాటు తెలుగు వినిపిస్తుంది. అయితే ఆ ఎర్రనేలకు సముద్రంతో కూడా సంబంధం ఉన్నదని చాలామందికి తెలియదు. సముద్రం కనుచూపు మేరలో లేదు. ఆ సంబంధాన్ని కల్పించినది విద్య.

బ్రిటిష్ ప్రభుత్వం దేశభక్తులను బంధించి, 1931లో వారిపై కాల్పులు జరిపిన హిజ్లీ నిర్బంధ శిబిరంలోనే 1951లో భారత సాంకేతిక విద్యాసంస్థ ప్రారంభమైనది. భూవిజ్ఞాన శాఖ ఆ ఏడాదే ఏర్పడినది. తీరంలోను, లోతులేని సముద్రంలోను పేరుకునే అవక్షేపాలను ఆ శాఖవారు దశాబ్దాలుగా పరిశీలిస్తున్నారు. అక్కడ ఆచార్యులుగా పనిచేసిన సుప్రియ సేన్‌గుప్తా 1994లో వెలువరించిన అవక్షేప శాస్త్ర పరిచయ గ్రంథం ప్రసిద్ధమైనది. అంతకుముందు ఆయన పరిశోధించినది తెలుగునేలనే: ప్రాణహిత–గోదావరి లోయలో భీమారం పరిసరాల గోండ్వానా శిలలను.

ఇక్కడ మాటను గురించి ఒక మాట. హిందీ గ్రంథాలు ఈ పదార్థాన్ని 'అవసాద్' అంటాయి. అది వినగానే తెలుగువానికి నిస్పృహ స్ఫురిస్తుంది! మన పారిభాషిక పదం 'అవక్షేపం'. రైతు నోట 'ఒండ్రు' అన్నది దీనిలో ఒక భాగం మాత్రమే. ఇసుక, బురద, గవ్వపెంకుల ముక్కలు అన్నీ అవక్షేపాలే.

ఖరగ్‌పూర్ నుంచి మద్రాసు వైపు పోయే రైలుమార్గంలోనే ఒడిశాలోని బాలాసోర్ వస్తుంది. దానికి చేరువనున్న చాందీపూర్ తీరం పరిశోధకులకు తెరచిన పుస్తకం. ఆటు వేళ అక్కడ సముద్రం 5 కిలోమీటర్ల వరకు వెనుకకు తగ్గి నేలను బయటపెడుతుంది; కొన్ని గంటలకు పోటు దానిని మళ్లీ కప్పివేస్తుంది. వేగంగా వచ్చే నీరు ఇసుకను మోసుకొచ్చి చిన్న చిన్న తరగల ఆకారంలో పేరుస్తుంది. ఆటుపోట్ల నడుమ నీరు కాసేపు నిలిచినప్పుడు సన్నని బురద దిగి ఆ ఇసుకపై పొరగా పరచుకుంటుంది. పౌర్ణమి, అమావాస్యల సమీపంలో పోటు బలమైనది కనుక ఇసుక పొర మందమవుతుంది. అష్టమి ప్రాంతంలో పలచబడుతుంది. రేకు పెట్టెను నేలలోకి దింపి, ఆ పొరలను చెదరకుండా పైకి తీసి చూస్తే చంద్రుని పక్షాలు లెక్కకు వస్తాయి. తరగకు ఒక వైపు వాలు, మరొక వైపు నిటారు ఉంటే నిటారు వైపే ప్రవాహం సాగినదని అర్థం. రెండు వైపులా సమానమైతే అది ముందుకు వెనుకకు ఊగిన అలల పని. ఈ గుర్తులనే కడప, కర్నూలు ప్రాంతాలలో వంద కోట్ల సంవత్సరాలకు పైబడిన శిలలపై చూడవచ్చు. నేటి చాందీపూర్‌ను చదివినవారికే నాటి సముద్రం అర్థమవుతుంది.

ఇది కేవలం పురాతన కథ కాదు. తూర్పుతీరపు ఇసుక ఒకచోట నిలవదు. నైరుతి ఋతుపవనాల అలలు దానిని ఉత్తరంగా నెడతాయి. చలికాలంలో కొంత వెనుకకు మరలినా, ఏడాది మొత్తానికి మిగిలేది ఉత్తరపు ప్రయాణమే. విశాఖపట్నం రేవును 1933లో ప్రారంభించిన నాటి ఇంజనీర్లకు ఈ ఇసుకే పెద్ద తలనొప్పి. రేవు ముఖద్వారాన్ని కాపాడటానికి 'జానస్', 'వెల్లెడ్‌సన్' అనే పాత ఓడలను రెండింటిని అక్కడ ముంచవలసి వచ్చినది. గోదావరి తెచ్చిన ఇసుక ఉత్తరంగా సాగి కాకినాడ ముందు హోప్ ఐలాండ్ దిబ్బగా పెరిగినది. దాని చాటున కాకినాడ రేవు నిశ్చింతగా ఉండగా, ఉత్తరాన ఉప్పాడలో ఇళ్లు, రోడ్డు కోతకు గురి అవుతున్నాయి. రాళ్లు పరచినా కోత ఆగలేదు.

నదులే ఇప్పుడు తక్కువ తెస్తున్నాయి. గోదావరి నీటిలో తేలివచ్చే ఒండ్రు 1970లలో ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నులుండగా, 1990లలో 6 కోట్ల టన్నులకు లోపు పడిపోయినదని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో ప్రకటించారు. ఆనకట్టల వెనుక అది నిలిచిపోతున్నది. డెల్టా ముఖాన తీరం వెనుకకు జరగడానికి ఇదే ముఖ్యకారణమని వారి నిర్ధారణ.

ఖరగ్‌పూర్‌కు దక్షిణాన బెంగాల్ తీరంలోని దీఘాలోనూ కోత ఉన్నది, రక్షణగోడ ఉన్నది. కదిలే ఇసుకను ఒకచోట అడ్డగిస్తే దాని అవతలి తీరానికి రావలసినది రాదు. కనుక ముందు ఎంత ఇసుక ఏ నెలలో ఎటు పోతున్నదో తెలియాలి. ఆ లెక్క ఒక్క ఏడాదిలో తేలదు. ఎన్నో ఏళ్లుగా పేరుకున్నదానిని ఒక్క తుఫాను రాత్రి మార్చివేయగలదు. అందుచేతనే తీరాన్ని అధ్యయనం చేసేవారు ఒకే గుర్తురాయి దగ్గరకు వర్షాకాలానికి ముందు ఒకసారి, తరువాత ఒకసారి వెళ్లి, అక్కడినుంచి నీటి అంచు దాకా వాలును కొలిచి, గుప్పెడు ఇసుకను సంచిలో కట్టి తెచ్చుకుంటారు.