శీతకాలపు కలుపు: ఆనవాలు, నివారణ
(పోషకుల సభయందు ప్రధానోపాధ్యాయుని ప్రసంగ పాఠము)



దసరా సెలవుల పిమ్మట మన విద్యార్థులు పాఠశాల తోటలో మళ్ళు కట్టి టమాట, ముల్లంగి, కొత్తిమీర వేయుచుందురు. అయితే విత్తిన మొక్కకంటె విత్తని మొక్కయే ముందుగా తల యెత్తును. దానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

శీతల దేశములలో హిమము కురిసి నేల గడ్డకట్టినపుడు కలుపు చాలవరకు అణగియుండును. మన గంజాము తీరమున అట్టి మేలు లేదు. దారింగబాడి కొండలపై కొన్ని వేకువలందు మంచు తెల్లగా పేరుకొనును గాని, బరంపురమున చలి స్వల్పము. వానలు మిగిల్చిన చెమ్మయు, మెత్తని యెండయు కలిసి కార్తికము మొదలుకొని కలుపును పెంచును. కావున మనకిది కలుపు నిద్రించు కాలము కాదు, మేల్కొను కాలము.

ముఖ్యముగా గుర్తింపవలసినవి నాలుగు.

మొదటిది వయ్యారిభామ. ఇది అమెరికా ఖండపు మొక్క. 1950ల మధ్యకాలమున పూనా ప్రాంతమున కనబడి, పిమ్మట దేశమంతట వ్యాపించినది. లేతదశలో దీని ఆకులు నేల నంటి చక్రమువలె పరచుకొనును. ఆకు క్యారెట్టు ఆకును పోలియుండుటచే ఒడియావారు గాజర ఘాస అందురు. మొలచిన నెల, నెలన్నరకే తెల్లని చిన్నపూలు పూచును. ఒక్క మొక్క పదివేలకు పైగా గింజలను రాల్పగలదు. తాకినచో కొందరికి చర్మము దురదపెట్టి పొక్కును. పుప్పొడి ఉబ్బసమును రేపును. మేసిన పశువు పాలు చేదెక్కును.

రెండవది బలురక్కసి. ముళ్ళ ఆకులు, వానిపై తెల్లని ఈనెలు, పసుపు పూవు, త్రుంచిన పసుపు పాలు దీని గుర్తులు. దీని నల్లని గింజ ఆవగింజను పోలియుండును. పరిశీలించి చూచిన ఆవగింజ నునుపు, దీనిపై వలవంటి గీతలు కలవు. 1998లో ఢిల్లీలో ఈ నూనె కలిసిన ఆవనూనె వాడి వేలమంది కాళ్ళు వాచి జబ్బుపడిరి. అరువదిమందికి పైగా మరణించిరి. ఆవనూనె వాడు మన యిండ్లకు ఇది మరపురాని పాఠము.

మూడవది తుంగ. కాడ మూడు పలకలుగా నుండును. పైకి లాగినచో ఆకు మాత్రమే చేతికి వచ్చును. గడ్డ నేలలోనే నిలిచి మరల మొలచును. దీనిని బొరిగెతో గడ్డతోసహా త్రవ్వి తీయవలెను.

నాలుగవది చక్రవర్తికూర. చిగురుపై తెల్లని పిండి చల్లినట్లుండును. ఒడియావారి బతువా శాకము ఇదియే. మడిలో నిది కలుపే. లేతగా పెరికినచో వంటింటికి కూర.

నివారణ సూత్రమొక్కటే: పూవు పూయకమునుపే పెరికివేయుట. విత్తుటకు ముందు మడిని తడిపి పదిదినములు వదలవలెను. మొలచిన కలుపును పైపైన చెక్కి, పిదప నేలను లోతుగా కదల్పక విత్తవలెను. వరుసల నడుమ వరిగడ్డి పరచినచో వెలుతురు లేక గింజలు మొలవవు. పచ్చి పేడలో కలుపు గింజలుండును గనుక బాగుగా మాగిన యెరువునే వాడవలెను. వేసవిలో ఖాళీ మడిని తడిపి పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టా నాలుగు వారములు కప్పినచో ఎండవేడికి గింజలు పెక్కు చచ్చును. వయ్యారిభామను పట్టునపుడు చేతికి తొడుగు, ముక్కునకు గుడ్డ తప్పనిసరి. పూచిన మొక్కను పిల్లలచే పెరికింపరాదు, ఎరువుకుప్పలో వేయరాదు.

మహాశయులారా! గుర్తించుట పేరుతో మొదలగును. పేరు తెలియని మొక్క బిడ్డ కంటికి వట్టి పచ్చదనమే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్ర మేర్పడిన నాటినుండి ఇచటి మన బిడ్డలు రెండు భాషల నడుమ పెరుగుచున్నారు. గాజర ఘాస అను మాట వీథిలో విందురు; వయ్యారిభామ అను మాట యింట వినకున్నచో మరెచ్చట విందురు? రెండు పేర్లును తెలిసిన బిడ్డ పొరుగువానితో కలిసి కలుపు తీయగలడు, అవ్వ చెప్పిన జాగ్రత్తనూ గ్రహింపగలడు. పుస్తకములో ఈ పేర్లు లేవు. మన యిండ్లలోని పెద్దల నోట నున్నవి.

కావున ఈ చలికాలమున ఒక్క ఆదివారము అవ్వనో తాతనో వెంటబెట్టి బిడ్డలను పెరటిలోనికి పంపుడు. పది మొక్కల పేర్లు తెలుగునను ఒడియాలోను వ్రాసి తెమ్మనుడు. ఆ పట్టికను తరగతి గోడపై నిలుపుదుము. మొక్కై వంగనిది మ్రానై వంగునా యన్న సామెత బిడ్డలకు చెప్పుచుందుము. కలుపు విషయమున అది మనకును వర్తించును.