భుజవ్యాధులు – చరవాణి పాఠములు



సంఘాభివృద్ధి యనగా విద్యయు, వసతిగృహములును మాత్రమే కాదు. కష్టించు చేతిని కాపాడుకొనుటయు నందలి భాగమే. కావున నేడు భుజమును గూర్చి రెండు మాటలు విన్నవింపనెంచితిమి.

మన చాట్రాయి సీమకు మామిడి జీవనాధారము. చిక్కపుగెడ నెత్తి బంగినపల్లి, కలెక్టరు కాయలు దింపువారు దినమెల్ల చేతిని తలకు మించి యెత్తవలసినవారే. భుజసంధిని నాలుగు చిన్న కండరములు పట్టియుంచుచున్నవి. వాని స్నాయువులు నలిగినచో చేయి యెత్తుట దుర్భరమగును. సంధికోశము బిగుసుకొను వ్యాధి వేఱొకటి కలదు. మధుమేహము గలవారికిది యెక్కువ. చొక్కా తొడుగుటయు, కొప్పు ముడుచుటయు గూడ కష్టమగును. దీనికి చేరువయైన వ్యాధిని సుశ్రుతసంహిత అవబాహుక మనినది. 1934లో కాడ్మన్ అను అమెరికా వైద్యుడు ఘనీభవించిన భుజమని పేరిడెను.

ఇట్టి వ్యాధులలో పెక్కింటికి శస్త్రచికిత్సకంటె ముందు ఫిజియోథెరపీయే విధి. అయితే ఈ మందు సీసాలో నుండదు; రోగియే వారములు, ఒక్కొకప్పుడు నెలలు, ప్రతిదినము అభ్యసింపవలయును. చిక్కెల్ల నిచ్చటనే. నూజివీడునకో విజయవాడకో పోయి యొక్కనాడు చూచివచ్చిన యభ్యాసము మూడవనాటికి మఱపునకు వచ్చును. మరల పోవలెనన్న కూలి పోవును. నొప్పికి జడిసి కదల్పకుండిన, సంధి మఱింత బిగియును. బడిలో నొక్కసారి చెప్పిన సంధిసూత్రమైనను వల్లెవేయక నిలుచునా? ఈ సంధియు నంతియే.

చికిత్సకుడు రోగికి తగిన యభ్యాసములను తెలుగు మాటలతో, దృశ్యములతో చరవాణికి పంపినచో, ఎన్నిమాఱులైన చూచుకొనవచ్చును. ముందునకు వంగి, మంచిచేతిని బల్లపై నాన్చి, నొప్పిచేతిని లోలకమువలె నూపుట మాటలలో కంటె దృశ్యమున సులభముగా బోధపడును. 2019లో ప్రారంభమైన ప్రభుత్వ ఈ-సంజీవని మూలమున దూరమునుండియే వైద్యుని సంప్రదింపవచ్చును.

అయినను ఎవరో పెట్టిన ప్రతి దృశ్యమును నమ్మరాదు. వ్యాధినిర్ణయము ముందు, పాఠము తరువాత. క్రిందపడి చేయి యెత్తలేకపోయినను, జ్వరముతో భుజము వాచినను, భుజము నొప్పితో ఎదనొప్పియు చెమటయు కలిగినను, పాఠములు కట్టిపెట్టి తక్షణమే ఆసుపత్రికి పోవలయును.

యువకులారా! ఫోను మీది, నొప్పి పెద్దలది. వారమున కొక గడియ మీ వీథిలోని వృద్ధులకడ కూర్చుండి, వైద్యులు పంపిన పాఠమును చూపి చేయింపుడు. మన కులమువారికే గాక పొరుగువారికిని ఈ సాయము చేయుడు. మనలను మోసిన భుజములకు మనమీయవలసిన ఋణ మిది. దీనినొక తీర్మానముగా నంగీకరింపవలసినదని మహాసభను ప్రార్థించుచు విరమించుచున్నాము.