గుల్ల సున్నము – మానవుని ఎముక

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావించిన ప్రసంగము)



మన పెద్దలు నత్తగుల్లలను, ఆల్చిప్పలను బట్టీలలో కాల్చి సున్నము తీసి ఇండ్లు కట్టిరి. ఆ గుల్లయే నేడు మానవుని ఎముకకు బదులుగా అక్కరకు వచ్చుచున్నదనిన మీకు వింత తోపవచ్చును.

ప్రమాదమువలననో, వ్యాధివలననో ఎముక కొంత లోపించినపుడు వైద్యులు రోగి తుంటినుండి ముక్క తీసి అచట అమర్తురు. ఆ పద్ధతి మేలైనదే. కాని రెండవ కోత, రెండవ నొప్పి తప్పవు. దొరకు ఎముకయు కొలదియే. కనుకనే బదులు పదార్థమునకై అన్వేషణ సాగినది.

ఎముక బరువులో సుమారు మూడింట రెండు వంతులు ఖనిజము. అందు ముఖ్యమైనవి కాల్షియము, ఫాస్ఫేటు. ఈ ఖనిజమును పోలినదానికి హైడ్రాక్సీఅపటైటు అని పేరు. కోడిగ్రుడ్డు పెంకులో నూటికి సుమారు 94 పాళ్లు కాల్షియము కార్బొనేటే. కావున కాల్షియము మనము పారవేయు పెంకులోనే కలదు. ఫాస్ఫేటును మాత్రము చేర్పవలెను.

పెంకును కడిగి, లోపొర తీసి, పొడిచేసి, సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో కాల్తురు. బొగ్గుపులుసు గాలి వెడలిపోయి సున్నము మిగులును. శుద్ధమైన కార్బొనేటు 100 గ్రాములకు సున్నము 56 గ్రాములు. ఇంతవరకు మన సున్నపు బట్టీ పనియే. పిదప దానిని నీట కలిపి ఫాస్ఫారిక్ ఆమ్లమును మెల్లమెల్లగా చేర్తురు. కాల్షియము పరమాణువులు పదింటికి భాస్వరపు పరమాణువులు ఆరు. ఈ లెక్క తప్పరాదు. అడుగున దిగిన తెల్లని పదార్థమును వడగట్టి, ఎండబెట్టి, మరల కాల్తురు.

ఈ తలంపునకు పూర్వచరిత్ర కలదు. హోండురాసులో 1931లో ప్రాచీన మాయా జాతివారి దవడ యొకటి దొరకెను. అందు మూడు పండ్లకు బదులు గుల్లముక్కలు అమర్పబడియుండెను. 1970లో ఎక్స్‌రే తీయగా, వానిలో రెండింటి చుట్టును ఎముక పెరిగినట్లు కనబడెను. అనగా ఆ మనిషి బ్రతికియుండగనే వానిని అమర్చిరి! 1974లో అమెరికాలో డెల్లా రాయ్, లినహాన్ అను శాస్త్రజ్ఞులు పగడపు సన్నరంధ్రములు చెడకుండగనే దానిని హైడ్రాక్సీఅపటైటుగా మార్చిరి. బీరతీగకు పందిరివలె, అట్టి రంధ్రములు క్రొత్త ఎముక ప్రాకుటకు ఆధారమగును.

అయితే ఇది పెళుసు పదార్థము. దవడలోని చిన్న గుంటలు పూడ్చుటకు తగునుగాని, బరువు మోయు తొడ ఎముకకు ఇది యొక్కటియే చాలదు. మురికినీట పెరిగిన గుల్లలలో సీసము వంటి విషలోహము లుండవచ్చును గనుక పరీక్ష, శుద్ధి తప్పనిసరి. ఇది విని ఇంట పెంకు నూరి గాయములకు పూయరాదని నా మనవి. అది వైద్యము కాదు, అపాయము.

బట్టీ వేడిమి మన పెద్దలెరిగినదే. ఆ పైమెట్టు పుస్తకమువలన తెలిసినది. మన పిల్లలు ఆ మెట్టెక్కుటకు ఈ గ్రంథాలయము తోడ్పడుగాక!