కంప్యూటరు వ్రాతకు వచ్చు చిక్కులు, వైరసు నివారణము

నేడు పల్లెలలో సైతము అర్జీ వ్రాయుటకు కలము పట్టువారు తగ్గినారు. పాలసంఘపు లెక్కయైనను, ఆలయ జీర్ణోద్ధరణమునకు విజ్ఞప్తియైనను, మనుమడో మనుమరాలో కంప్యూటరు ముందు కూర్చుండి, వర్డు అను ప్రోగ్రాములో టైపు చేసి అచ్చువేసి ఇచ్చుచున్నారు. పెద్దలలో కొందఱు తామే ఆ పని నేర్చినారు. పని సాగుచుండగా ఒకనాడు పుట తెల్లబాఱును, కదలిక నిలిచిపోవును, కొంతసేపటికి ప్రోగ్రాము దానంతట అదియే మూసికొనిపోవును. మరల తెఱచినను అదియే వరుస. అప్పుడు చుట్టునున్నవారనెడి మొదటి మాట "వైరసు పట్టినది" అని. రెండవ మాట "అంతయు తుడిచివేసి క్రొత్తగా ఎక్కింపవలెను" అని. ఆ రెండవ మాట విని యేండ్ల తరబడి కూర్చిన వ్రాతలను పోగొట్టుకొన్నవారిని నేనెఱుగుదును. ఆ రెండు మాటల నడుమ చేయదగిన పని కొంత యున్నది. దానినే మీకు మనవి చేయదలచితిని.

వైరసనగా గాలిలోనో దుమ్ములోనో పుట్టునది కాదు. అది యొక మనుష్యుడు వ్రాసిన ప్రోగ్రామే. తన నకలును ఇతర ప్రోగ్రాములలో చొప్పించుట దాని స్వభావము. 1983లో అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఫ్రెడ్ కోహెన్ అను విద్యార్థి దీనిని ప్రయోగపూర్వకముగా చూపినాడు. వైరసను పేరు కూడ అక్కడనే వచ్చినది. అయితే ప్రోగ్రాము కూలిన ప్రతిచోటను వైరసు ఉండునని యెంచరాదు. వరి ఆకుపై తుప్పురంగు మచ్చలు కనబడగనే తెగులని మందు కొట్టువాడు, అది జింకు లోపమైనచో, మందు ఖర్చును పైరును రెంటిని పోగొట్టుకొనును గదా! ఇచటను అంతే.

ఇందులకు మన భాషకు సంబంధించిన నిదర్శనమే యొకటి కలదు. 2018వ సంవత్సరము ఫిబ్రవరి మాసములో, "జ్ఞానము" అను మాటలోని మొదటి అక్షరము, నడుమ కంటికి కానరాని యొక విభాజకపు గుర్తుతో కూడి సందేశమున వచ్చినచో, ఆపిల్ కంపెనీవారి ఐఫోనులో ఆ సందేశమును చూపబోయిన ప్రోగ్రాము కూలిపోయెడిది. చూచువానికి ఇది వైరసు చేష్టవలెనే తోచును. కాని దోషము అక్షరమునందును లేదు, పంపినవానియందును లేదు; అక్షరములను కూర్చి తెరపై చూపు భాగములోని లోపమది. కంపెనీవారు ఆ నెల 19వ తేదీన సవరణ విడుదల చేసిరి. దానిని ఎక్కించుకొన్న ఫోనులు కుదుటపడినవి. తెలుగు అక్షరమునకు ఐఫోను తలవంచెనని మనము నవ్వుకొనవచ్చును గాని, గ్రహింపవలసినదేమనగా, తయారీదారులు పంపు సవరణలను వాయిదా వేయక ఎక్కించుకొన్నచో ఇట్టి చిక్కులనేకము వానియంతట అవియే తొలగును.

ఇక పరీక్షించు విధము. నాకు తెలిసిన విశ్రాంత ఉపాధ్యాయుడొకాయన తమ గ్రామములోని కుటుంబముల వంశవృక్షములను, చెఱువు మాన్యముల వివరములను రెండువందల పుటలకు పైగా టైపు చేసియుండెను. చెప్పిన ముసలివారిలో పలువురు అప్పటికే గతించిరి. అనగా ఆ వ్రాత పోయినచో మరల వ్రాయుటకు ఆధారము లేదు. వర్డు తెఱచిన రెండు నిమిషములకే మూసికొనుచుండెను. పట్టణములోని యొక దుకాణమువారు డిస్కు తుడిచివేయుట తప్ప మార్గము లేదనిరి. ఆయన నన్నడిగినప్పుడు నేను చెప్పినది ఒక్కటే: ముందు వ్రాతకు నకలు తీయుడు, పిదప జబ్బు వెదకుడు. ఫైలును తెఱవకయే క్రొత్త పెన్ డ్రైవులోనికి నకలు చేయవచ్చును. వర్డు కూలుచున్నను ఈ పనికి అడ్డు లేదు. మీరు నా ప్రసంగములో ఒక్క వాక్యమే జ్ఞాపకముంచుకొనదలచినచో దీనిని ఉంచుకొనుడు.

నకలు తీసిన పిమ్మట ఫైలు సంగతియో ప్రోగ్రాము సంగతియో తేల్చితిమి. ఖాళీ పుట తెఱచినను కూలుచున్నదిగనుక దోషము ఫైలులో లేదని తెలిసినది. ఫైలు ఒక్కటే చెడినచో, వర్డులోనే "ఓపెన్ అండ్ రిపేర్" అను మార్గమున దానిని బాగుచేయుటకు ప్రయత్నింపవచ్చును. పిమ్మట కంట్రోలు మీటను నొక్కిపట్టి వర్డును తెఱచితిమి. అట్లు చేసినచో సేఫ్ మోడులో తెఱవవలెనా యని అది అడుగును. ఔననినచో, తరువాత చేర్చిన అనుబంధములను ప్రక్కకు నెట్టి, ఒంటిగా నడచును. గంటసేపు కూలలేదు. కాబట్టి దోషము అనుబంధములలో నున్నదని తెలిసినది. ఒక్కొక్కదానిని తొలగించి చూడగా, ఉచితముగా దొరికినదని ఎవరో చేర్చిన యొక చిన్న ప్రోగ్రామే కారణమైనది. దానిని తీసివేసినంతనే వర్డు కుదుటపడినది. ఒకేసారి నాలుగు మార్పులు చేయువానికి ఏది కారణమో ఎన్నటికిని తెలియదు. ఒక మార్పు, ఒక పరీక్ష, ఇట్లు పోవలెను.

చిత్రమేమనగా, ఆయన కంప్యూటరులో వైరసు కూడ ఉండెను! వర్డు కూలుటకు అది కారణము కాదు. పాత పెన్ డ్రైవుద్వారా వచ్చి, అందులోని ఫోల్డరులను కనబడకుండ దాచి, వాని పేర్లతోనే షార్టుకట్టులనబడు బాణపుగుర్తు ఫైళ్లను నిలుపు జాతి యది. ఆ గుర్తును నొక్కిన ప్రతిసారి వైరసు మేల్కొనును. అచ్చు తీయించుటకు పదిమంది పెన్ డ్రైవులు పెట్టు దుకాణములలో ఇది సాధారణము. ఫోల్డరులు పోయినవని బెదరి పెన్ డ్రైవును ఫార్మాటు చేయించువారు, దాగియున్న వ్రాతలను తామే నాశనము చేయుచున్నారు. దాచిన వస్తువులను చూపుమని విండోసులో ఒక యేర్పాటు కలదు. దానిని నొక్కినచో తఱచుగా ఫోల్డరులు కానవచ్చును.

వర్డునే ఆశ్రయించి బ్రతుకు వైరసులు వేఱు. 1995లో కాన్సెప్టు అను పేరుగలది బయలుదేఱినది. వర్డులో మాక్రోలని చిన్న ఆజ్ఞల కూర్పులు వ్రాసికొను వీలున్నది. అది వాని రూపమున ఫైలులో కూర్చుండెడిది. అచటనుండి నార్మల్ అను మాదిరి పత్రములోనికి దిగెడిది. ప్రతి క్రొత్త పుటయు ఆ మాదిరినుండి పుట్టునదే. విత్తనపు గాదెలో చీడ చేరినచో వేసిన ప్రతి మడియు చెడును గదా! 1999 మార్చి 26న వ్యాపించిన మెలిస్సా ఇంకను గడుసుది. తెఱచినవాని చిరునామాల పట్టికలోని మొదటి ఏబదిమందికి, అతని పేరుతోనే, ముఖ్యమైన సందేశమని తన్ను తాను పంపుకొనెడిది. తెలిసినవాని పేరు చూచి జనులు తెఱచిరి. దానిని వ్రాసిన డేవిడ్ స్మిత్ అను న్యూజెర్సీవానికి 2002లో ఇరువది నెలల కారాగారశిక్ష పడినది. 2022నుండి మైక్రోసాఫ్టువారు ఇంటర్నెట్టునుండి వచ్చిన ఫైళ్లలోని మాక్రోలను ముందుగనే అడ్డుచున్నారు. అయినను "ఎనేబుల్ కంటెంట్" అను మీటను నొక్కుమని ఏ పత్రమైన బ్రతిమాలినచో, నొక్కకుడు. పంపినవానికి ఫోను చేసి అడుగుడు.

నార్మల్ మాదిరి చెడినదని అనుమానమున్నచో వర్డును మూసి, నార్మల్.డాటెం అను ఫైలునకు పేరు మార్చుడు. మరల తెఱచినప్పుడు వర్డు క్రొత్త మాదిరిని తానే చేసికొనును. చెడుటకు కారణము వైరసైనను కాకున్నను చికిత్స ఇదే యగుట మన యదృష్టము. మీరు చేసికొన్న అలవాటు అమరికలు కొన్ని పోవును గాని వ్రాతలు పోవు.

వైరసును తొలగించుటకు విండోసుతో వచ్చు డిఫెండరే చాలమందికి చాలును. మొదట దాని సమాచారమును తాజా చేసి, ఆఫ్‌లైన్ స్కాన్ అనుదానిని ఎంచుకొనుడు. యంత్రము ఆగి, విండోసు లేవకమునుపే శోధన జరుగును. సుమారు పదునైదు నిమిషములు పట్టును. వైరసు నిద్రలేచినచో శోధకునినుండి దాగుకొనగలదు. నిద్రలోనే పట్టుకొనుట ఇందలి యుక్తి. రెండు కంపెనీల కాపలా ప్రోగ్రాములను ఒకేసారి ఉంచకుడు. అవి ఒకదానినొకటి అనుమానించుకొనుచు యంత్రమును నిలిపివేయును.

మఱొక మాట. మీ కంప్యూటరుకు వైరసు పట్టినది, వెంటనే ఈ నంబరుకు ఫోను చేయుడని తెరపై హఠాత్తుగా ఎఱ్ఱని ప్రకటన కనబడినచో, అది వైద్యుడు కాదు, దొంగ. ఆ నంబరునకు ఫోను చేసి, అడిగినవానికెల్ల యంత్రమును చేతికిచ్చి, బ్యాంకు సొమ్ము పోగొట్టుకొన్న వృద్ధులనేకులు. మైక్రోసాఫ్టువారు అట్లు తెరపై ఫోను నంబరు నిచ్చి పిలువరు.

వ్రాతలనే బందీలుగా పట్టు జాతియు కలదు. 2017 మే నెలలో వాన్నక్రై అనునది లోకమంతట వ్యాపించి, ఫైళ్లను తాళము వేసినట్లు చేసి సొమ్ము అడిగినది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవారి కొన్ని కంప్యూటర్లు కూడ దాని వాత బడినవి. అట్టివానికి కంప్యూటరుకు తగిలించియుంచిన నకలు అక్కఱకు రాదు. అదియు తాళములో పడును. కాబట్టి నకలు తీసిన పెన్ డ్రైవును ఊడదీసి, దస్తావేజులుంచు పెట్టెలో ఉంచుడు. ముఖ్యమైనవానిని కాగితముపై అచ్చు తీసి ఉంచుటయు మంచిదే.

యంత్రము శుభ్రమైన తరువాత ఇంటనున్న పాత పెన్ డ్రైవులన్నిటిని ఒక్కొక్కటిగా స్కాను చేయింపుడు. ఒక్కటి మిగిలినను వైరసు తిరిగి వచ్చును. ఉత్తరముల ఖాతాకును బ్యాంకునకును వాడు రహస్యపదములను, ఆ యంత్రముపై గాక, శుభ్రమైన మఱొక యంత్రమునుండి మార్చుకొనుడు.