లెక్కకు రాని కాపురాలు



మన సరిహద్దు జిల్లాల్లో వియ్యానికి రాష్ట్రాల పొలిమేర అడ్డు రాదు. బళ్ళారి పిల్ల అనంతపురం కోడలవుతుంది. హోసూరు పిల్ల కుప్పం వెళుతుంది. బరంపురం పిల్ల ఇచ్ఛాపురంలో కాపురం పెడుతుంది. ఆ కాపురం చెడి పిల్ల తిరిగి వస్తే మాత్రం, "పుట్టింట్లో ఉంటోంది" అని ఊరుకుంటాం. ఆ ఒక్క మాట వెనుక ఎంతమంది ఉన్నారో జనాభా లెక్కలు కొంతవరకు చెబుతున్నాయి.

2001 జనగణనలో విడాకులు పొందినవారినీ, విడిగా ఉంటున్నవారినీ కలిపి ఒకే పద్దులో చూపారు. 2011లో ఆ రెంటినీ వేరు చేశారు. దేశం మొత్తం మీద విడాకులు పొందినవారు సుమారు 13 లక్షల 60 వేల మంది అని తేలింది. విడాకులు లేకుండానే విడిగా ఉంటున్నవారు అందుకు రెండున్నర రెట్లు! రెండు పద్దుల్లోనూ మగవారికంటే ఆడవారే ఎక్కువ. మగవారు త్వరగా మారుమనువు చేసుకోవడం ఇందుకు ఒక కారణం.

కాబట్టి, విడాకులు తక్కువ గనుక మన సంసారాలన్నీ చల్లగా ఉన్నాయనుకోవడం పొరపాటు. పైగా, లెక్క రాసే ఉద్యోగి రుజువులు అడగడు. ఇంట్లోవారు చెప్పిందే రాసుకుంటాడు. "అల్లుడు పని మీద ఊరెళ్ళాడు" అని తండ్రి అంటే, ఆ అమ్మాయి వివాహితల పద్దులోకే వెళుతుంది.

దీనివల్ల నష్టం ఆమెకే. విడాకుల కాగితం లేకపోయినా, పోషణ లేని భార్యను స్తోమత ఉన్న భర్త నిర్లక్ష్యం చేస్తే ఆమె మనోవర్తి అడగవచ్చు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ ఈ హక్కు ఇస్తోంది. అంతకుముందు ఇది పాత శిక్షాస్మృతి విధానంలో 125వ సెక్షన్. దరఖాస్తు కోసం అత్తవారి రాష్ట్రానికి వెళ్ళనవసరం లేదు. తానుంటున్న జిల్లాలోనే వేసుకోవచ్చు. 1987 నాటి చట్టం ప్రకారం, ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఏర్పాటు చేస్తుంది.

2027 మార్చి 1వ తేదీ ప్రాతిపదికగా జనగణన జరపాలని 2025లో ప్రభుత్వం ప్రకటించింది. లెక్కకు వచ్చినవారికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. 1948 జనగణన చట్టం ప్రకారం మీ ఇంటి వివరాలు గోప్యంగా ఉంటాయి. ఇరుగుపొరుగుకు జవాబు చెప్పుకోనక్కరలేదు గానీ, మీ ఆడపిల్ల లెక్కలో తప్పిపోకూడదు.